చక్రాల ఇల్లు

పిల్లలూ! మీలో గూడుబండి ఎక్కినవాళ్ళు ఎంతమంది? బహుశా ఒక్కరూ ఉండరు. నా చిన్నతనంలో శివరాత్రి వచ్చిందంటే నరసరావుపేట చుట్టుపక్కల పల్లెలన్నీ బండ్లు కట్టుకుని కోటప్పకొండ తిరునాళ్ళకు బయలుదేరేవి. బండిమీద వెదురుబద్దల గూడు, గూడుమీద చాప, లోపల వరిగడ్డి పరిచి దానిమీద దుప్పటి. ఎద్దులకు మేత, మాకు పులిహోర, అందరికీ కలిపి ఒక నీళ్ళ బిందె. బండి కింద, ఇరుసు నీడన, మా కుక్క నల్లోడు నడిచేవాడు. బండి కింద కుక్క బండినంతా తానే మోస్తున్నాననుకుందని సామెత ఉన్నది చూశారూ, అది మా నల్లోణ్ణి చూసే పుట్టి ఉంటుందని మా నాన్న అనేవాడు. నేను కుదుపులకు కింద పడకుండా మా అక్కయ్య నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా మణికట్టు గట్టిగా పట్టుకునేది. ఆమె నాకు పన్నెండేళ్ళు పెద్ద.

అరవై ఏళ్ళ తరవాత, 2024 జూన్ నెలాఖరున, నేను మళ్ళీ అలాంటి బండి ఎక్కాను. ఈసారి ఎద్దులు లేవు. ఊరు కూడా నరసరావుపేట కాదు, అమెరికాలోని డాలస్.

మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. మా అక్కయ్య కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ అనే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నది. మేము డాలస్ చేరిన వారానికి మేనకోడలు ఫోను చేసి, "మామయ్యా, అమ్మ ఈమధ్య మనుషుల్ని పోల్చుకోవటం లేదు. వచ్చేదేదో తొందరగా రా," అన్నది. విమానంలో అయితే నాలుగు గంటలలోపు ప్రయాణం. కాని మా అబ్బాయి ఇంట్లో లడ్డూ ఉన్నాడు. లడ్డూ అంటే పన్నెండేళ్ళ లాబ్రడార్ కుక్క. కుక్కలకు పన్నెండేళ్ళంటే ముసలితనమే. అంత పెద్ద కుక్కను విమానంలో మనుషుల మధ్య కూర్చోనివ్వరు. రోజుకు రెండు పూటలా మాత్రలు వెయ్యాలి కనుక ఎవరి దగ్గరా వదిలి రావటానికి లేదు. "లడ్డూ రాకపోతే నేనూ రాను," అని మా మనుమడు భీష్మించాడు. వాడికి పదేళ్ళు.

చివరకు మా అబ్బాయి ఒక మోటర్ హోమ్ అద్దెకు తెచ్చాడు. అంటే మోటారు ఉన్న ఇల్లన్న మాట. పొడవు 28 అడుగులు. ముందు డ్రైవరు సీటు, దాని పైన అటకలాంటి పడక, వెనక మరో పడక, మధ్యలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, బల్ల, బీరువా అంత స్నానాలగది. "మన గూడుబండే, కాకపోతే గడ్డి బదులు పెట్రోలు తింటుంది," అన్నాను. ఒక గ్యాలను పెట్రోలుకు అది ఎనిమిది తొమ్మిది మైళ్ళకు మించి నడవదు. మొత్తం దారి సుమారు 1,800 మైళ్ళు, అంటే దాదాపు 2,900 కిలోమీటర్లు. గుంటూరు నుంచి ఢిల్లీ పోయి, తిరిగి నాగపూరు దాకా వచ్చినంత దూరం.

కుక్కతో ఇంత దూరమా అని మీరనుకోవచ్చు. అమెరికాను ఈ చివరి నుంచి ఆ చివరికి కారులో మొట్టమొదట దాటింది 1903లో. హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే వైద్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 63 రోజులకు న్యూయార్కు చేరాడు. అప్పట్లో మంచి రోడ్లు లేవు. దారిలో ఆయన బడ్ అనే కుక్కను వెంటబెట్టుకున్నాడు. ఆ కారుకు ముందు అద్దం లేదు కనుక దుమ్ము పడకుండా బడ్ కళ్ళకు కూడా కళ్ళజోడు తగిలించాడు. ఈ కథ చెప్పగానే మా మనుమడు తన ఈత కళ్ళజోడు తీసి లడ్డూకు పెట్టాడు. లడ్డూ దాన్ని అయిదు నిమిషాల్లో నమిలేశాడు.

మొదటి రాత్రి టెక్సాస్‌లోనే, అమరిల్లో అనే ఊళ్ళో బస. దారి పొడుగునా మైదానం, గాలిమరలు, ఎదురుగాలి. గాలి తోసినప్పుడల్లా మా ఇల్లు పక్కకు జరిగేది. ఆ రాత్రే ఇంటి మర్మాలన్నీ తెలిశాయి. దానిలో మూడు తొట్లున్నాయి. ఒకటి మంచినీళ్ళకు, 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు పడతాయి. రెండోది సబ్బునీళ్ళకు, మూడోది మరుగుదొడ్డికి. మేము అయిదుగురం, లడ్డూతో ఆరుగురం. పంపు ఊరికే వదిలి పళ్ళు తోముకోవటానికి వీలులేదు. స్నానానికి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మనుమడు గడియారం పట్టుకుని తలుపు బయట నిలబడేవాడు. తొట్లు ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి తొట్టి, తరవాత సబ్బునీళ్ళ తొట్టి వదలాలి. ఎందుకో చెప్పుకోండి! సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ పని మా అబ్బాయిది. పెద్ద కంప్యూటర్ ఉద్యోగి రబ్బరు తొడుగులు వేసుకుని గొట్టం మోస్తుంటే మా ఆవిడ తల పక్కకు తిప్పుకున్నది. నాకు మాత్రం ముచ్చటేసింది.

మర్నాడు న్యూ మెక్సికో రాష్ట్రంలో అడుగుపెట్టగానే గడియారాన్ని ఒక గంట వెనక్కు తిప్పాము. ఆ తరవాత అరిజోనాలో మరో గంట. అక్కడి రాష్ట్రాలు చాలావరకు వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటాయి. అరిజోనాలో చాలా భాగం జరుపుకోదు. ఈ సంగతి లడ్డూకు ఎవరూ చెప్పలేదు. డాలస్‌లో సాయంత్రం ఆరింటికి అన్నం తినే కుక్క, అరిజోనాలో నాలుగింటికే గిన్నె ముందు కూర్చుని మావైపు జాలిగా చూసేది. గడియారంలో తప్పుండవచ్చు గాని కడుపులో తప్పుండదు.

ఆల్బుకర్కీ అనే ఊళ్ళో మా ఆవిడ పినతల్లి కూతురు ఉన్నది. ఆ ఊరు సముద్రమట్టానికి 5,000 అడుగులకు పైన ఉంటుంది. అక్కడికి చేరేసరికి మేము తెచ్చుకున్న చేగోడీల సంచీ బంతిలా ఉబ్బింది. పైకి వెళ్ళినకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి సంచీని తోస్తుంది. ఆ ఇంట్లో పెద్ద తగువే వచ్చింది. మేము వీధిలో బండిలోనే పడుకుంటామంటే మరదలు చిన్నబుచ్చుకున్నది. "ఇంటికి వచ్చిన చుట్టాలు ఇల్లు వెంట తెచ్చుకుంటారా బావగారూ?" అన్నది. కుక్కను లోపలికి తెస్తే ఆమె అత్తగారికి మడి పోతుంది. చివరకు ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళమూ లడ్డూ బయట అని రాజీ కుదిరింది. రాత్రి భోజనంలో ఆ ప్రాంతపు పచ్చిమిరపకాయలు కాల్చి చేసిన పచ్చడి పెట్టారు. న్యూ మెక్సికోలో హోటలుకు వెళితే "ఎరుపా, ఆకుపచ్చా?" అని అడుగుతారు, ఏ రంగు మిరప కావాలని దాని అర్థం. ఆ ప్రశ్నను రాష్ట్ర ప్రశ్నగా ప్రభుత్వమే గుర్తించింది! గుంటూరు జిల్లావాణ్ణి, ఇంతకంటే మంచి ప్రభుత్వం ఉంటుందా అనుకున్నాను. తెల్లవారి లేచి చూద్దును గదా, ఆ మడి అత్తగారే కిటికీలోంచి లడ్డూకు పెరుగన్నం అందిస్తున్నది. నన్ను చూసి, "భైరవుడి వాహనం గదా నాయనా," అన్నది.

అక్కడినుంచి పడమరగా వెళితే దారిలో ఒక ఎత్తయిన చోటు వస్తుంది. అక్కడ కురిసిన వానలో తూర్పుకు జారిన చుక్క అట్లాంటిక్ వైపు, పడమరకు జారిన చుక్క పసిఫిక్ వైపు పోతాయని చెబుతారు. మన కృష్ణానది పడమటి సముద్రానికి దగ్గరలో పుట్టి కూడా తూర్పు సముద్రం దాకా నడిచి రావటం లేదూ? అలాంటిదే ఇదీ. మనుమడు ఒక గ్లాసు నీళ్ళు సగం అటూ, సగం ఇటూ పోశాడు. లడ్డూ కూడా ఒక స్తంభం పక్కన తన వంతు తీర్చుకున్నాడు. అది ఏ సముద్రానికి చేరిందో!

అరిజోనాలో రాతిచెట్ల అరణ్యం ఉన్నది. సుమారు 22 కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు బురదలో పూడిపోయి, కొయ్యలోకి నీటితోపాటు సిలికా చేరి, దుంగలు దుంగలుగానే రాయి అయిపోయాయి. ఒక్క ముక్క కూడా తీసుకుపోకూడదు. అయినా కొందరు జేబులో వేసుకుపోతారు. తరవాత మనసు కుదురుగా ఉండక, క్షమించమని ఉత్తరం రాసి ముక్కను తపాలాలో తిప్పి పంపుతారు. అలా వచ్చిన రాళ్ళు అక్కడ ఒక కుప్ప అయ్యాయి. ఏ చోటినుంచి తీశారో తెలియదు గనుక వాటిని మళ్ళీ అరణ్యంలో పెట్టరు.

తరవాత గ్రాండ్ కాన్యన్. దీన్ని గురించి మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. కొలరాడో నది కోసిన లోయ ఇది. పొడవు 446 కిలోమీటర్లు. లోతు ఒక మైలుకు పైగా. మన గండికోటలో పెన్నానది రాతిని కోసిన తీరు చూసినవాళ్ళు దానిని ఎన్నో రెట్లు పెంచి ఊహించుకోవాలి. గట్టు మీది బాటన కుక్కను నడిపించవచ్చు, ఆరడుగులకు మించని తాడు కట్టాలి. లోయలోకి మాత్రం దించకూడదు. సరిగ్గా లడ్డూకు కావలసిందీ అదే. నాలుగడుగులు నడవటం, కూర్చోవటం. వాడితోపాటు నేనూ కూర్చున్నాను. లోయ మధ్యలో గోపురాల్లాంటి కొండలున్నాయి. వాటిలో ఒకదానిపేరు విష్ణు ఆలయం, ఒకదానిపేరు శివాలయం! 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు పెట్టిన పేర్లవి. లోయ అట్టడుగున ఉన్న నల్లని రాతిని విష్ణు శిల అంటారు. దాని వయస్సు సుమారు 170 కోట్ల ఏళ్ళు. పై రాళ్ళన్నీ దానికి మనుమలే. "నీకంటే పెద్దదా తాతయ్యా?" అన్నాడు మనుమడు. వెధవ!

ఆ రాత్రి అన్నం ఉడకలేదు. గట్టు మీద దాదాపు 7,000 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, కనుక బియ్యానికి చాలినంత వేడి అందదు. పలుకు పలుకుగా ఉన్న అన్నం తిని మా ఆవిడ, "కిందికి దిగగానే నాకు మెత్తటి అన్నం కావాలి," అన్నది. ఆ మాట గుర్తుంచుకోండి. అసలు సంగతి దానితోనే ఉన్నది.

మర్నాడు కిందికి దిగాము. కాలిఫోర్నియా సరిహద్దులో కొలరాడో నది ఒడ్డునే నీడిల్స్ అనే చిన్న ఊరు ఉన్నది. ఎత్తు 500 అడుగులే, చుట్టూ ఎడారి. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటటం మామూలే. మేము వెళ్ళిననాడు బయట 44. నది పక్కన మోటర్ హోములు నిలిపే స్థలంలో ఆగి, కరెంటు తీగ తగిలించి, ఏసీ వేశాము. సాయంత్రం అందరమూ నదిలో కాళ్ళు పెట్టుకుందామనుకున్నాము. అరచేతి వెనకభాగం నేలమీద ఏడు సెకండ్లు పెట్టి చూశాను, ఓర్చుకోలేకపోయాను. మనం ఓర్చుకోలేని నేలమీద కుక్కను నడిపించకూడదు. లడ్డూను చల్లగా లోపలే ఉంచి వెళ్ళాము. వెళుతూ వెళుతూ, మా ఆవిడ మాట గుర్తొచ్చి, వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంటుందని కరెంటు కుక్కర్ మీట నొక్కాను. నేనే నొక్కాను.

ఇప్పుడు మీరు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఆ తీగ 30 ఆంపియర్లకు కట్టింది, అక్కడి కరెంటు 120 వోల్టులు. రెండూ గుణిస్తే 3,600 వాట్లు. ఏసీకి 1,500, నీళ్ళు కాచే యంత్రానికి 1,400, ఫ్రిజ్‌కు 300, నా కుక్కర్‌కు 700. కూడండి. ఎంత వచ్చింది? ముప్ఫై ఏళ్ళు తరగతిలో ఈ లెక్క చెప్పినవాణ్ణి, వేసుకోవలసిన చోట వేసుకోలేదు. భారం కొంచెమే ఎక్కువైతే బ్రేకర్ వెంటనే పడదు. కొంతసేపు వేడెక్కి పడుతుంది. అప్పటికి మేము నది దగ్గర ఉన్నాము.

అరగంట తరవాత, తువాలు మరిచిపోయామని నేనూ మనుమడూ తిరిగి వచ్చాము. దగ్గరికి వస్తుండగా ఏసీ మోత వినిపించలేదు. తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది. గోడమీది థర్మామీటరు 40 సెంటిగ్రేడు డిగ్రీలకు సమానమైన వేడి చూపుతున్నది. లడ్డూ తలుపు దగ్గర నేలకు మూతి ఆనించి పడి ఉన్నాడు. నాలుక బయట వేలాడుతున్నది. పిలిస్తే కళ్ళు కదిలాయిగాని తోక కదలలేదు.

మనకు ఒళ్ళంతా చెమట పోస్తుంది. ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది, కూజా నీళ్ళను చల్లబరిచినట్టు. కుక్కకు పాదాల కిందతప్ప చెమట పోయదు. నోరు తెరిచి వగర్చి, నాలుకమీది తడి ఆరబెట్టుకునే అది బతకాలి. మూసిన గదిలో వేడిగాలిని వగర్చి ఏం లాభం? దాని ఒంటివేడి మామూలుగా 38, 39 డిగ్రీలు. 41 దాటితే ప్రాణాపాయం. ఎండలో నిలిపిన మామూలు కారులో పది నిమిషాల్లోనే సుమారు 11 డిగ్రీల వేడి పెరుగుతుంది. పెద్దలు కూడా ఇది చదువుతున్నట్టయితే, పసిపిల్లల విషయమూ ఇంతేనని గుర్తుంచుకోండి.

మనుమడు ఏడవలేదు. "నీళ్ళు, తాతయ్యా," అన్నాడు. బయటి గొట్టం విప్పితే ఎండకు కాగిన నీళ్ళు సలసలా వచ్చాయి. వాడు పరుగెత్తి తండ్రిని పిలుచుకు వచ్చాడు. మా అబ్బాయి ముప్ఫై నాలుగు కిలోల కుక్కను దుప్పట్లో ఎత్తుకుని నదికి పరుగుతీశాడు. పై ఆనకట్టల అడుగునుంచి వదిలే నీరు కావటంవల్ల ఆ ఎండలోనూ నది చల్లగా ఉన్నది. లడ్డూను మెడదాకా నీటిలో ఉంచి, తల పైకెత్తి పట్టుకుని, పొట్టమీదా కాళ్ళమధ్యా నీళ్ళు తోశాము. కోడలు తువాలుతో విసిరింది. నిన్న గట్టు మీద కూర్చుని లడ్డూ చూసిన నది అదే. నాకు ఆ సమయంలో ఆ ఆలోచన రాలేదు. ఆ రాత్రి మనుమడు చెబితే తోచింది.

పావుగంటకు వగర్పు తగ్గింది. కొంచెం కొంచెంగా నీళ్ళు తాగాడు. ఫోనులో పశువైద్యుణ్ణి అడిగి, తెల్లవార్లూ ఒకరి తరవాత ఒకరం మేలుకుని చూశాము. పొద్దున ఆస్పత్రిలో పరీక్ష చేసి భయం లేదన్నారు. నేను మనుమడితో, "తప్పు నాది," అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒక కాగితం మీద "3,600" అని రాసి కుక్కర్ మీట పక్కన అంటించాడు. అదే వాడు నాకిచ్చిన జవాబు.

మిగిలిన దారి త్వరగా గడిచింది. ఎడారిని చల్లనివేళ దాటి, తొమ్మిదో రోజున ఫ్రీమాంట్ చేరాము. మేనకోడలి ఇంటి ముందు బండి నిలిపాము. అక్కయ్య చెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉన్నది. నేను దగ్గరికి వెళ్ళి వంగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎవరండీ మీరు? కూర్చోండి," అన్నది.

మా అక్కయ్య నన్ను మీరు అనటం అదే మొదలు.

నేను కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు. ఇంతలో మనుమడు లడ్డూను దించాడు. నీరసం ఇంకా పూర్తిగా తీరలేదేమో, లడ్డూ నాలుగడుగులు వేసి, ఎండకు ఓర్వలేక బండి కింద నీడలోకి దూరి, చక్రం పక్కన పడుకున్నాడు. అక్కయ్య చాలాసేపు అటే చూసింది. ఉన్నట్టుండి, "నల్లోణ్ణి తాడు కట్టారా? కొండ కాడ జనంలో తప్పిపోతాడు," అన్నది. నావైపు తిరిగి, "నువ్విటు రారా, పడతావు," అని నా మణికట్టు పట్టుకున్నది.

లడ్డూ నల్లగా ఉండడు, తేనెరంగు. నేను ఆ సంగతి చెప్పలేదు.

నాలుగు రోజులున్నాము. రెండో రోజు సాయంత్రం కూడా లడ్డూను బండి కింద పడుకోబెడితే అక్కయ్య వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది. మూడో రోజు రాలేదు. మళ్ళీ ఎవరండీ మీరు అన్నది. నాలుగోనాడు మేము బయలుదేరుతుంటే, మేనకోడలి చేత చిన్న డబ్బాలో పెరుగన్నం పెట్టించి తెచ్చి మనుమడి చేతికిచ్చి, "దారిలో నల్లోడికి పెట్టు," అన్నది. లడ్డూ దాన్ని బేకర్స్‌ఫీల్డ్ చేరకముందే తినేశాడు.